నొప్పి ఒక్క పంటికే

జూన్ 4

అక్కకి,

బాగున్నాను అని ముందు రాయాలని నువ్వు నేర్పించావు. అందుకని రాశాను. ఇప్పుడు నిజం రాస్తాను. నేను బాగాలేను. నాకు భయంగా ఉంది.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్ వార్డెన్ గారి గదిలో ఉంటుంది. నేను మాట్లాడుతుంటే ఆయన పక్కనే కూర్చుని పని చేసుకుంటుంటారు. అదీ కాక ఫోన్లో ఎవరేమడిగినా నేను సరే అనేస్తాను. పోయినసారి "అక్కడ చలిగా ఉందా, వేడిగా ఉందా" అని నువ్వడిగితే సరే అన్నాను. నువ్వు నవ్వావు. ఉత్తరమైతే ఎవరూ తొందరపెట్టరు. నిన్న కొంచెం రాశాను, ఇవాళ కొంచెం రాస్తున్నాను. లాండ్రీ వ్యాన్ డ్రైవర్ పోస్టులో వేస్తానన్నాడు.

ఈల గురించి నీకు ముందు కూడా చెప్పాను. అతను ఈ హోమ్‌లో నాకంటే ముందునుంచీ ఉన్నాడు. లాండ్రీలో ఆస్పత్రి దుప్పట్లు మడతపెట్టేటప్పుడు ఎదురు చివర అతనే పట్టుకుంటాడు. దుప్పటి పెద్దది, ఇద్దరు కావాలి. అతను పళ్ళ సందులోంచి ఈల వేస్తాడు. చిన్న ఈల వేస్తే గట్టిగా లాగాలి. రెండు ఈలలు వేస్తే మూలలు కలపాలి. పొడుగు ఈల వేస్తే ఒకరి దగ్గరికి ఒకరం నడవాలి. డ్రయ్యర్ల మోతలో మాటలు వినపడవు, అందుకని ఈ పద్ధతి అతనే కనిపెట్టాడు. అతన్ని అందరం ఈల అనే పిలుస్తాం.

పోయిన నెల పళ్ళ డాక్టరు వచ్చాడు. ఈలకి ఒక పన్ను నొప్పి అంటే తీసుకెళ్ళారు. మత్తు ఇచ్చారు. తిరిగొచ్చేసరికి అతని నోట్లో ఒక్క పన్ను కూడా లేదు అక్కా. పైవీ లేవు, కిందవీ లేవు. ఇప్పుడు గంజి తాగుతున్నాడు. మాట సరిగ్గా రావడం లేదు. ఈల అసలే రావడం లేదు. దుప్పట్లు వంకరగా మడుస్తున్నాం అని సూపర్‌వైజర్ కోప్పడుతున్నాడు. శనివారం మీటింగ్‌కి కూడా ఈల రావడం మానేశాడు. అక్కడ అందరికంటే ఎక్కువ మాట్లాడేది అతనే.

అన్నీ ఎందుకు తీసేశారు అని ఆయాని అడిగాను. "ఇంతమందికి రోజూ పళ్ళు తోమించడం ఎవరి వల్ల అవుతుంది? ఇక అతనికి జన్మలో పంటి నొప్పి రాదు" అంది. ఆయా మంచిదే. నవ్వుతూనే చెప్పింది. నాకు అందుకే ఇంకా భయం వేసింది.

నాకు ఎడమ పక్క, కింద, లోపలి పన్ను నొప్పిగా ఉంది. చాలా నొప్పి. కుడి పక్కనే నములుతున్నాను. దవడ వాచిందేమోనని పొద్దున్నే అద్దంలో చూసుకుంటున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్తే నన్ను కూడా తీసుకెళ్తారు. నీ ఒక్కదానికే చెప్తున్నాను. నువ్వు ఎవరికీ చెప్పకు.

నీ తమ్ముడు


జూన్ 12

ఒరేయ్ బుజ్జీ,

నీ ఉత్తరం ఉల్లిపాయలు తరుగుతూ చదివాను. కళ్ళల్లో నీళ్ళు దానివో దీనివో నాకే తెలియలేదు. ఇక్కడ వంతెన పని జోరు మీదుంది. క్యాంటీన్‌కి ఇంకో బ్యాచ్ కూలీలు వచ్చిపడ్డారు, గిన్నెలు చాలడం లేదు. నిన్న పెద్ద గరిట విరిగితే పార పట్టుకొచ్చి ఇచ్చాడు మా మేస్త్రీ. కడిగి ఇచ్చానన్నాడు. వాడి మొహం మీద కొట్టాను, అంటే నిజంగా కాదు, మాటలతో.

నీకు పళ్ళ డాక్టరంటే చిన్నప్పటి నుంచీ హడల్ కదరా. గుర్తుందా, ఆ బట్టతల డాక్టరు వేలు కరిచేశావు. ఆయన వేలు ఊదుకుంటూ "ఈ పిల్లాణ్ణి మళ్ళీ నా గుమ్మం ఎక్కించకండి" అన్నాడు. అమ్మ దారంతా నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంటికొచ్చాక నిన్ను ఒకటి వేసిందనుకో, అది వేరే సంగతి.

ఈల పెద్దవాడు. చిగుళ్ళు పాడైపోయి ఉంటాయి. డాక్టర్లు ఊరికే తీస్తారా? నీ వయసు వేరు, నీ పళ్ళు వేరు. అతన్ని చూసి నువ్వు బెదిరిపోకు.

పంటి నొప్పి దాచుకుంటే చీము పట్టి ప్రాణం మీదికొస్తుంది. మా క్యాంపులోనే ఒక డ్రిల్లర్‌కి దవడ గుమ్మడికాయంత అయింది. అందుకే నేను ఊరుకోలేదు. ఇక్కడ సిగ్నల్ నీళ్ళ ట్యాంకు గుట్ట మీద తప్ప రాదు. వంటయ్యాక గుట్టెక్కి మీ వార్డెన్ గారికి ఫోన్ చేశాను. ఎంత మర్యాదగా మాట్లాడారనుకున్నావు. "మంచి పని చేశారమ్మా చెప్పి. ఈసారి డాక్టరు వచ్చినప్పుడు పూర్తిగా చేయించేస్తాం, మళ్ళీ మళ్ళీ ఇబ్బంది ఉండదు, మీకు సమ్మతమేనా" అన్నారు. సరేనండి, మీరెలా అంటే అలాగే అన్నాను. అంత పెద్దాయన నన్ను అడగడమే గొప్ప.

డాక్టరు ముందు పేచీ పెట్టకు. కరవకు. అమ్మ చెప్పింది మర్చిపోకు: అర్థం కాకపోతే నవ్వి సరే అను, పని అయిపోతుంది, ఎవరూ నిన్ను ఎగాదిగా చూడరు. నువ్వు అలా నేర్చుకున్నావు కాబట్టే నీకంటూ ఒక చోటు దొరికింది. ఆ శనివారం మీటింగ్ వాళ్ళు చెప్పేవి చెవిలో వేసుకో గానీ బుర్రకెక్కించుకోకు.

ముద్దులతో
అక్క


జూన్ 18

అక్కకి,

నువ్వు చెప్పేశావు. ఎవరికీ చెప్పకు అని రాశాను. చెప్పేశావు.

వార్డెన్ గారు నన్ను పిలిచారు. కోప్పడలేదు. బిస్కట్ ఇచ్చారు. నేను కుడి పక్క నమిలాను. "నొప్పి అని నాకెందుకు చెప్పలేదు నాన్నా" అన్నారు. జూలై 20న డాక్టరు వస్తాడు. "నీకు కూడా పూర్తిగా చేసేద్దాం. మీ అక్క ఒప్పుకుంది. నువ్వు కూడా సరేనా?" అన్నారు.

నేను నవ్వాను. సరే అన్నాను.

బయటికొచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాను. నేను అనాలనుకోలేదు అక్కా. అది నా నోట్లోంచి నాకంటే ముందే వచ్చేస్తుంది. అమ్మ ఉన్నప్పుడు బస్సులో, షాపులో, స్కూల్లో అన్నిచోట్లా నా చేత అదే అనిపించింది. ఇప్పుడు దాన్ని ఆపడం నాకు రావడం లేదు.

పూర్తిగా అంటే ఏమిటో ఆయాని అడిగాను. "ఈలకి చేసినట్టే" అంది.

ఈలకి అక్క లేదు. అతని తరఫున అడిగేవాళ్ళు ఎవరూ లేరు, అందుకే అతనికి అలా చేశారు అనుకున్నాను. నాకు నువ్వున్నావు కదా అనుకున్నాను. నువ్వు ఉన్నా అదే అయింది.

పనిలో ఉన్నా నాలుకతో పళ్ళు తడుముకుంటున్నాను. అన్నీ ఉన్నాయా అని. చేతులు ఖాళీ అయితే చాలు భయం వేస్తుంది. అందుకని చేతులు ఖాళీగా ఉంచడం లేదు. మడిచిన దుప్పట్లు కూడా విప్పి మళ్ళీ మడుస్తున్నాను.

నీ తమ్ముడు


జూన్ 25

బుజ్జి తండ్రీ,

నీ ఉత్తరం చదువుతూ పొయ్యి సంగతే మర్చిపోయాను. అన్నం అడుగంటిపోయింది కూడా, ఆ వాసనకి గానీ ఈ లోకంలోకి రాలేదు.

తర్వాత నింపాదిగా ఆలోచించాను. అన్ని పళ్ళూ తీసేయడమేమిట్రా? నొప్పి ఒక్కదానికైతే అన్నీ ఎవరు తీస్తారు? ఆయా ఏదో అని ఉంటుంది, నువ్వింకేదో అనుకుని ఉంటావు. నీకు ఏదైనా బుర్రలోకి ఎక్కడానికి టైం పడుతుంది, అది నీ తప్పు కాదు. పూర్తిగా అంటే పూర్తిగా నయం చేయడం అయ్యుంటుంది. చదువుకున్నవాళ్ళ మాట మనకి అంత తేలిగ్గా అర్థమవుతుందా?

నేను నీ దగ్గర దాచను. నాకు అసలు భయం పళ్ళది కాదు. నువ్వు ఎదురు తిరిగితే వాళ్ళు ఏం చేస్తారోనని. ఇదివరకటి హోమ్ గుర్తుందా? దీపాలు తొందరగా ఆర్పేస్తున్నారని నువ్వు గోల చేస్తే నీ సంచి తెచ్చి గుమ్మంలో పెట్టారు. వాన పడుతోంది. నువ్వు సంచి మీద కూర్చుని నన్ను చూసి నవ్వావు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

ఇక్కడ నేను ఆడవాళ్ళ రేకుల షెడ్డులో ఉంటున్నాను. మంచానికి మంచానికి మధ్య కాలు పెట్టడానికి చోటు లేదు. వంతెన అయిపోతే ఇంకో క్యాంపు, ఆ తర్వాత ఇంకోటి. నిన్ను తెచ్చుకుంటే ఎక్కడ పెట్టుకోను? వంట కంటైనర్‌లోనా? పగలంతా లారీలు తిరుగుతుంటాయి, పక్కనే అంత లోతు గొయ్యి.

అందుకని నా మాట విను. నోరు మెదపకు. ఏది చేసినా మన మంచికే చేస్తారనుకుందాం. నేను సెలవు దొరకగానే వస్తాను.

నీకు దిష్టి తగిలిందేమో అని కూడా అనిపిస్తోంది. నీ పళ్ళు అమ్మ పళ్ళు, తీరుగా ఉంటాయి.

అక్క


జూన్ 30

అక్కకి,

నాకు అర్థమైంది. అర్థం కాలేదు అని నువ్వు అనుకుంటున్నావు. ఈ మాట చాలా పెద్దగా రాయాలని ఉంది, కానీ కాగితం చిన్నది.

ఈలని నోరు తెరవమన్నాను. మొదట తెరవలేదు. సిగ్గుపడ్డాడు. స్టోర్ రూంలో సబ్బు డబ్బాల వెనక తెరిచాడు. చిగుళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి. చిన్న పాపాయి నోరులా ఉంది. అతనికి గడ్డం నెరిసింది కదా, ఆ నోరు అతనిది కానట్టుంది. ముందు ఏం చెప్పి తీసుకెళ్ళారు అని అడిగాను. ఏదో చెప్పాడు. నాకు తెలియలేదు. తల ఊపేశాను. అతను ఇంకోసారి చెప్పలేదు, వెళ్ళిపోయాడు.

శనివారం మీటింగ్ గురించి నీకు సరిగ్గా తెలియదు, అందుకని చెప్తాను. లైబ్రరీ వెనక గదిలో జరుగుతుంది. అందరూ మాలాంటి వాళ్ళే. మేము నెమ్మదిగా అర్థం చేసుకునే మనుషులం. తెలివి లేనివాళ్ళం అని అనుకోం. మా అధ్యక్షురాలు ఒక నర్సరీలో మొక్కలకి నీళ్ళు పోస్తుంది. మొక్కలకి కూడా ఆర్డర్లు వేస్తుందనుకుంటాను, మాకైతే వేస్తుంది. అక్కడ ఒక రూల్ ఉంది. అర్థం కాకపోతే అరచెయ్యి ఎత్తి "మళ్ళీ చెప్పండి, చిన్న మాటల్లో" అనాలి. చెప్పేవాళ్ళు విసుక్కోకూడదు, మళ్ళీ చెప్పాలి. ఎన్నిసార్లయినా చెప్పాలి.

నా సంగతి వాళ్ళకి చెప్పాను. అధ్యక్షురాలు డాక్టరు వేషం వేసింది. కుర్చీ వాల్చి నన్ను కూర్చోబెట్టి "అన్నీ పీకేద్దామా" అంది. నేను నవ్వి సరే అన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ సరే అన్నాను. ఎవరూ నవ్వలేదు. అక్కడున్న అందరికీ అది తెలుసు. అందరికీ ఇంట్లో నేర్పారు. ఆఖరికి చెయ్యి ఎత్తడం వచ్చింది. మాట మాత్రం ఇంకా రాలేదు. డాక్టరు నిజం డాక్టరైతే చెయ్యి కూడా వస్తుందో రాదో.

నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. బుజ్జి అనకు. బుజ్జి తండ్రి అని అసలే అనకు.

నిన్ను ఒకటి అడుగుతున్నాను. వార్డెన్ గారికి ఫోన్ చెయ్యి. పూర్తిగా అంటే ఏమిటి, చిన్న మాటల్లో చెప్పండి అను. ఆయన చెప్పేదాకా సరే అనకు. నీకు కూడా ఆ అలవాటు ఉంది అక్కా.

నీ తమ్ముడు


జూలై 6

తమ్ముడూ,

రాసి కొట్టేసింది చూసి నవ్వుకోకు. బుజ్జీ అని రాయబోయి ఆపుకున్నాను. చెయ్యి అలవాటుపడిపోయింది.

నాకు కూడా ఆ అలవాటు ఉందని రాశావే, ఆ మాటకి నాకు చిర్రెత్తుకొచ్చింది. క్యాంటీన్‌లో నన్ను చూస్తే మేస్త్రీలు కూడా పక్కకి తప్పుకుంటారు. కూరల వాడితో గొంతు చించుకుని బేరమాడతాను. నేనా సరే అనేది అనుకున్నాను. నీకు చూపిద్దామనే గుట్టెక్కాను.

ఫోన్ కలిసింది. ఆయన "చెప్పండమ్మా" అన్నారు. అంతే. బాగున్నారా సార్ అన్నాను. ఎండల గురించి మాట్లాడాను. ఎండలతో నాకేం పని? ఆఖరికి నీ మాట గుర్తొచ్చి, పూర్తిగా అంటే ఏమిటండీ, మాకు తెలిసేట్టు చెప్పండి అన్నాను. ఆయన "నోటి సమస్య మొత్తం ఒకేసారి తీర్చేయడం" అన్నారు. ఇంకొంచెం చిన్న మాటల్లో అన్నాను. అప్పుడు చెప్పారు. నువ్వు చెప్పిందే. అన్నీ.

నువ్వు సరిగ్గానే అర్థం చేసుకున్నావు. నేనే అర్థం చేసుకోలేదు.

వద్దండీ అందామనుకునేలోపే ఆయన "పోయినసారి మీరే ఒప్పుకున్నారు కదమ్మా, ఆ మాట మీదే డాక్టరుకి చెప్పేశాం" అన్నారు. నా నోటితో నేనే కొంప ముంచాను. ఆయనే మెత్తగా ఇంకో మాట అన్నారు. "మా దగ్గర ఉన్నది ఇద్దరు ఆయాలు. ఒక్కొక్కరికీ ఒక్కో పద్ధతంటే మా వల్ల కాదు. కుటుంబం వద్దంటే సరే, కుటుంబమే చూసుకోవాల్సి వస్తుంది" అన్నారు. బెదిరించినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టే అన్నారు. నేను ఫోన్ పెట్టేశాను. ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు, నా మొహం చూసే అనుకుంటాను.

వద్దంటే నిన్ను గుమ్మంలో పెడతారు. ఊరుకుంటే నోరంతా ఖాళీ చేస్తారు. రెండూ చూస్తున్నాను, ఎటూ కాలు పడడం లేదు. అమ్మ ఉంటే ఏం చేసేదో తెలియడం లేదు. మన ఇద్దరికీ నవ్వడం, సరే అనడం నేర్పి వెళ్ళిపోయింది.

నేను నిన్ను ఎప్పుడూ ఇలా అడగలేదు. ఏం చెయ్యమంటావురా?

అక్క


జూలై 12

అక్కకి,

నువ్వు అడిగావు. అది చాలాసార్లు చదివాను.

ఆలోచించి రాస్తున్నాను. నాకు రెండూ భయమే. ఇక్కడినుంచి పంపేస్తే భయం. నా మంచం, నా కిటికీ, లాండ్రీ, శనివారం మీటింగ్, అన్నీ ఇక్కడే ఉన్నాయి. పళ్ళు పోతే భయం. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. పళ్ళ భయమే పెద్దది. పంపేస్తే ఎక్కడికో ఒకచోటికి వెళ్తాను, అక్కడ కూడా మాట్లాడొచ్చు. పళ్ళన్నీ తీసేస్తే మాట్లాడినా ఈలని విననట్టే నన్ను కూడా వినరు. నేనే వినలేదు కదా.

అందుకని వద్దు అనాలని నిర్ణయించుకున్నాను. నొప్పి ఉన్న పన్ను మాత్రం తీయాలి. అది నిజంగా నొప్పి పెడుతోంది.

నువ్వు వద్దంటే కుటుంబం వద్దన్నట్టు అవుతుంది. నువ్వు సరే అంటే పళ్ళు పోతాయి. అందుకని నువ్వు రెండూ అనకు. 20న పొద్దున్న వార్డెన్ గారికి ఫోన్ చెయ్యి. వాడినే అడగండి అను. అంతే చాలు. తర్వాత నేను చెప్పాలి.

చెప్పగలనో లేదో తెలియదు. నిన్న మీటింగ్‌లో చేసి చూశాం. మాట వచ్చింది, కానీ చిన్నగా వచ్చింది. అధ్యక్షురాలు వినపడలేదు మళ్ళీ చెప్పు అంది. రెండోసారి అసలే రాలేదు.

మంచం కింద సంచి సర్దిపెట్టుకున్నాను. ఒకవేళ గుమ్మంలో పెడితే ఈసారి చొక్కాలు తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టాను.

నీ తమ్ముడు


జూలై 21

తమ్ముడికి,

నీకు పళ్ళున్నాయో లేవో తెలియకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిన్న పొద్దున్నే వంట మా హెల్పర్‌కి అప్పజెప్పి గుట్టెక్కాను. ఆకాశం అప్పటికే నల్లగా ఉంది. ఫోన్ కలిసింది. వార్డెన్ గారు హడావిడిగా ఉన్నారు, "డాక్టరు వచ్చేశారమ్మా, మీవాణ్ణి ఇప్పుడే లోపలికి తీసుకొచ్చాం" అన్నారు. ఆయన వెనక ఏదో మెషిన్ చప్పుడు. నీ గొంతు కోసం చెవి ఒగ్గాను, వినపడలేదు. వాడినే అడగండి సార్ అన్నాను. ఆయన "వాడికేం తెలుస్తుందమ్మా" అన్నారు. తెలుస్తుందండీ, నాకంటే ముందు వాడికే తెలిసింది, వాడేది చెప్తే అదే నా మాట అన్నాను. ఆయన ఏమన్నారో వినేలోపే పిడుగు పడింది. లైను పోయింది.

అప్పటినుంచి టవర్ పనిచేయడం లేదు. వాన ఆగలేదు. తడిసి ముద్దయి గుట్ట మీదికి వెళ్తున్నాను, వస్తున్నాను. క్యాంపు వాళ్ళకి నేను పిచ్చిదాన్నయిపోయాను. దారి కూడా కొట్టుకుపోయింది, అది వేసేదాకా ఇక్కడినుంచి బండి కదలదంటున్నారు. పోస్టు సంచి మాత్రం ట్రాక్టర్ మీద పంపుతున్నారు. నన్ను కూడా ఆ సంచిలో వేసి పంపండి అన్నాను. నవ్వారు. నేను నవ్వలేదు.

తినేవాళ్ళ నోళ్ళే చూస్తున్నానురా. వడ్డిస్తూ నమిలేవాళ్ళ దవడలు చూస్తున్నాను. నాకేమైందో నాకే తెలియడం లేదు.

మేస్త్రీతో మాట్లాడాను. నిన్ను గుమ్మంలో పెడితే గనక తీసుకొచ్చేస్తాను. ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. రేకుల షెడ్డో, కంటైనరో, ఏదో ఒకటి. నీకు పళ్ళున్నా లేకపోయినా తీసుకొస్తాను. కానీ ఉండాలిరా. ఉండాలి.

దారి వెయ్యగానే వస్తాను. వెంటనే రాయి. ఒక్క ముక్క రాసినా చాలు.

అక్క


జూలై 26

అక్కకి,

ఉన్నాయి.

ఒక్క ముక్క చాలు అన్నావు కాబట్టి అది ముందు రాశాను. మిగతాది ఇప్పుడు రాస్తాను.

వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. నా తర్వాత ఇద్దరున్నారు. ఈల లాండ్రీలోంచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పని వదిలి రాకూడదు, అయినా వచ్చాడు. నా చొక్కా అంచు పట్టుకున్నాడు, దుప్పటి అవతలి చివర పట్టుకున్నట్టు. నన్ను పిలిచాక వదిలాడు.

లోపల డాక్టరు నా నోట్లో అద్దం పెట్టి చూశాడు. వార్డెన్ గారితో ఏవో పెద్ద మాటలు అన్నాడు. నాతో "పడుకో, మత్తు ఇస్తాం" అన్నాడు. నేను నవ్వాను. సరే అనే మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. అందుకని నోరు మూసుకుని అరచెయ్యి ఎత్తాను. ఆయన నేను కొడతాననుకుని వెనక్కి జరిగాడు. అప్పుడు "మళ్ళీ చెప్పండి, చిన్న మాటల్లో" అన్నాను. చిన్నగానే వచ్చింది, కానీ గది కూడా చిన్నదే.

"నీ నోరు శుభ్రం చేస్తాం" అన్నాడు. మళ్ళీ చెప్పండి అన్నాను. "ఇక నొప్పి లేకుండా చేస్తాం" అన్నాడు. మళ్ళీ చెప్పండి అన్నాను. వార్డెన్ గారు "అర్థం కాదు లెండి డాక్టర్ గారూ" అన్నారు. అప్పుడే నీ ఫోన్ వచ్చింది. ఆయన స్పీకర్లో పెట్టారు. నీ గొంతు గదంతా వినపడింది. నాకంటే ముందు వాడికే తెలిసింది అన్నావు. తర్వాత ఆగిపోయింది. లైను పోయిందని నాకు తెలియదు. నా కోసమే ఆగావు అనుకున్నాను.

డాక్టరు నా వైపు తిరిగాడు. మళ్ళీ చెప్పండి అన్నాను. అప్పుడు ఆయన "నీ పళ్ళన్నీ తీసేస్తాం" అన్నాడు. చిన్న మాటల్లో చెప్పేసరికి ఆయనకే అదోలా అనిపించినట్టుంది. అద్దం పక్కన పెట్టేశాడు.

వద్దు అన్నాను. నొప్పి ఒక్క పంటికే, అదొక్కటే తీయండి అన్నాను. పడుకోబెట్టే మత్తు కూడా వద్దన్నాను, మెలకువగా ఉండి చూసుకోవాలి కదా. ఆ పంటి దగ్గర సూది మాత్రం వేశాడు. తీసేటప్పుడు చాలా భయం వేసింది. కుర్చీ తడిసింది, ఆ సంగతి ఎవరికీ చెప్పకు, ఈసారైనా. కరవలేదు. కరవాలనిపించింది.

నా తర్వాత ఉన్న ఇద్దర్ని డాక్టరు తనే అడిగాడు. ఒకామె వద్దంది. ఇంకొకతను సరే అన్నాడు. నేను తలుపు దగ్గరే ఉన్నాను. అతనికి అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి అన్నాను. డాక్టరు చెప్పాడు. అతను ఏడ్చాడు. అతనికి చెయ్యలేదు.

వార్డెన్ గారు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత "మీ అక్క రానీ, మాట్లాడదాం" అన్నారు. ఏం మాట్లాడతారో తెలియదు. సంచి ఇంకా మంచం కిందే ఉంది, విప్పలేదు. గుమ్మం వైపు ఎవరైనా నడిస్తే ఇప్పటికీ సంచి అక్కడే ఉందా అని వంగి చూసుకుంటున్నాను. నువ్వు వచ్చినప్పుడు ఆయన ముందు ఎండల గురించి మాట్లాడకు.

ఇంకొకటి చెప్పాలి. నిన్న శనివారం. ఈల మీటింగ్‌కి వచ్చాడు. వెనక కూర్చున్నాడు. అధ్యక్షురాలు నా కోసం చప్పట్లు కొట్టమంది. కొడుతుంటే ఈల చెయ్యి ఎత్తాడు. లేచి ఏదో చెప్పాడు. ఎవరికీ తెలియలేదు. కూర్చోబోయాడు. స్టోర్ రూంలో నేను తల ఊపేసింది నాకు గుర్తొచ్చింది. అందుకని నేను చెయ్యి ఎత్తి మళ్ళీ చెప్పు అన్నాను. చెప్పాడు. తెలియలేదు. అధ్యక్షురాలు మళ్ళీ చెప్పు అంది. గదిలో ఒక్కొక్కళ్ళూ చెయ్యి ఎత్తి మళ్ళీ చెప్పు అన్నారు. ఎవరూ విసుక్కోలేదు, ఎవరూ తెలిసినట్టు తల ఊపలేదు. అతని గడ్డం మీద ఉమ్మి కారుతోంది, తుడుచుకుని మళ్ళీ చెప్పాడు. చాలాసేపు పట్టింది.

అప్పుడు తెలిసింది. అతను మొదటినుంచీ ఒక్క మాటే చెప్తున్నాడు.

"నన్నెవరూ అడగలేదు."

నీ తమ్ముడు